ఆ మాట ఆవిడ అనదు

నవ్వుల పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్టేజీ కామెడీ నుంచి టీవీ రాతకు, అక్కణ్నుంచి నిర్మాణానికి ఎలా వచ్చానో పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. పదకొండేళ్లు మైకు పట్టుకున్నాను, తొమ్మిదేళ్లు ఒక టీవీ కామెడీ షో రైటర్స్ రూమ్‌లో, అంటే రైటర్లంతా కలిసి స్క్రిప్టు రాసే గదిలో కూర్చున్నాను, ఇప్పుడు అదే షోకి నిర్మాతను. వచ్చిన ఉత్తరాల్లో సగం "నన్ను మీ షోలోకి తీసుకోండి" అనేవే. వాటికి ఇక్కడ జవాబు లేదు. మిగతా సగంలోంచి కొన్ని.

ప్రశ్న: ఆరేళ్లుగా స్టాండప్ చేస్తున్నాను. నా సెట్ (స్టేజీ మీద వరసగా చెప్పే జోకులు) ఉందంటే జనం వస్తారు. రెండు నెలల క్రితం ఒక టీవీ కామెడీకి రైటర్‌గా తీసుకున్నారు. రోజుకి ఇరవై జోకులు చెప్తాను, ఇంతవరకు ఒక్కటీ స్క్రిప్టులోకి వెళ్లలేదు. వాళ్లకి కామెడీ తెలీదా, నాకే రాదా?

జవాబు: వాళ్లకీ తెలుసు, మీకూ వచ్చు. రోజుకి ఇరవై అంటున్నారు చూడండి, తంటా అక్కడుంది.

నా మొదటి రూమ్ సంగతి చెప్తాను. ఆరుగురం. పొడుగాటి బల్ల, గోడకి తెల్లబోర్డు, దాని మీద సీన్ల కార్డులు. కథలో ప్రధానపాత్ర రిటైరైన లెక్కల టీచరమ్మ, ఒంటరిగా ఉంటుంది. ఆ రోజు సీనులో ఇంటి తాళంచెవి పోయి ఆవిడ గుమ్మం ముందు నిలబడిపోవాలి. నేను చెయ్యెత్తి, "తాళంచెవీ మొగుడూ ఒకటే, అవసరమైనప్పుడు కనపడరు" అన్నాను. రూమంతా పగలబడి నవ్వింది. నేను దర్జాగా కుర్చీలో వెనక్కి వాలాను. హెడ్ రైటర్ కూడా నవ్వారు. కళ్లు తుడుచుకుని, "బాగుంది. కానీ ఆ మాట ఆవిడ అనదు. నువ్వంటావు" అన్నారు. జోకు బోర్డెక్కలేదు.

గంట తర్వాత, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒకాయన టీచరమ్మ గొంతుతో నెమ్మదిగా అన్నాడు: "తాళంచెవి ఉండే అవకాశమున్న చోట్లు నాలుగు. మూడు వెతికాను. నాలుగోచోట దొరికితే తప్పు నాదవుతుంది, కాబట్టి అక్కడ వెతకను." నా జోకుకి వచ్చినంత నవ్వు దానికి రాలేదు. ఇద్దరు ముసిముసిగా నవ్వారు, అంతే. కానీ ఆ ఒక్క మాటతో సీనంతా కదిలింది. ఆవిడ గుమ్మం దగ్గరే ఎందుకు మొండికేసి నిలబడిందో తెలిసింది, పక్కింటివాళ్లు ఎందుకు రావాలో తెలిసింది, చివర్లో తాళంచెవి ఎక్కడ దొరకాలో కూడా తేలిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపంతోనే అనుకోండి.

స్టేజీ మీద మాట మీది, మొహం మీది, కోపం మీది. పంచ్ సగం తేలిపోయినా మీ కనుబొమ్మ దాన్ని గట్టెక్కిస్తుంది. టీవీలో ఆ మాట ఇంకొకరి నోట్లోకి వెళ్లాలి, అక్కడ మీ కనుబొమ్మ ఉండదు. కొత్తగా వచ్చిన స్టాండప్ వాళ్లు రాస్తే డాక్టరు, పోలీసు, పదేళ్ల పిల్లాడు అందరూ మైకు పట్టుకున్నట్టే మాట్లాడతారు. నేనూ అలాగే రాశాను. మీవీ అలాగే ఉండి ఉంటాయి.

మీకంటే ఘోరంగా గడిచినవాళ్లున్నారు. అమెరికాలో లారీ డేవిడ్ అనే కామెడియన్ 1984-85 సీజన్‌లో 'సాటర్డే నైట్ లైవ్'కి రైటర్. శనివారం రాత్రి లైవ్‌గా వచ్చే చిన్నచిన్న హాస్య స్కెచ్‌ల షో అది. సీజన్ మొత్తం మీద ఆయన రాసిన స్కెచ్ ఒక్కటే ప్రసారమైంది, అదీ షో ముగిసేముందు, రాత్రి ఒంటిగంట కావస్తుండగా. ఒక శనివారం ఒళ్లుమండి, నిర్మాత మీద అరిచేసి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఇంటికి నడుస్తుంటే పోగొట్టుకున్న జీతం గుర్తొచ్చింది. సోమవారం ఏమీ జరగనట్టు వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో కలిసి సృష్టించిన 'సైన్‌ఫెల్డ్'లో జార్జ్ అనే పాత్రతో సరిగ్గా అదే పని చేయించాడు. ఆ షో 1989 నుంచి 1998 దాకా 180 ఎపిసోడ్లు నడిచింది. అలాగని మీరు శనివారం అరవకండి. ప్రతి ఆఫీసూ సోమవారం మిమ్మల్ని కూర్చోనివ్వదు.

రేపటి నుంచి ఇరవై మానేసి మూడు తీసుకెళ్లండి. ఒక్కోదానికీ ఎవరంటున్నారు, ఎవరితో అంటున్నారు, అన్నాక ఏమవుతుంది అనే మూడు సంగతులు ముందే తేల్చుకోండి. మూడోదానికి జవాబు లేకపోతే ఆ జోకు మీ సెట్‌కి దాచుకోండి, అక్కడ అది హాయిగా బతుకుతుంది. ఇంకోటి, పక్కవాడి జోకు బాగుచేయడం నేర్చుకోండి. "చివరి రెండు మాటలు తీసేస్తే పేలుతుంది" అని సరిగ్గా చెప్పగలిగినవాడిని ఏ రూమూ వదులుకోదు.

ప్రశ్న: వయసు 38. ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ఓపెన్ మైక్‌కి (పేరు రాయించుకుని ఎవరైనా స్టేజీ ఎక్కే కార్యక్రమానికి) వెళ్తే నన్ను చూసి ఎవరికో అమ్మ అనుకుంటున్నారు. ఆలస్యమైపోయిందా అక్కా?

జవాబు: అనుకోనివ్వండి, మొదటి జోకు రాయకుండానే దొరికింది.

అమెరికన్ కామెడియన్ ఫిలిస్ డిల్లర్ 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని పర్పుల్ ఆనియన్ క్లబ్బులో మొదటిసారి స్టేజీ ఎక్కేనాటికి ఆమెకి 37 ఏళ్లు, ఐదుగురు పిల్లలు. ఇల్లూ సంసారమే ఆమె జోకులకి ముడిసరుకు. వాటిని కార్డుల మీద టైపు చేసి, అంశాలవారీగా సొరుగుల్లో సర్దుకునేది. యాభైవేలకు పైగా కార్డులున్న ఆ బీరువా ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇక ఉద్యోగం మాటకొస్తే, వాండా సైక్స్ అనే ఇంకో కామెడియన్ అమెరికా నిఘాసంస్థ ఎన్ఎస్ఏలో కాంట్రాక్టుల పని చూసేది. 1987లో స్టాండప్ మొదలుపెట్టి, ఉద్యోగం చేస్తూనే కొన్నేళ్లు నెట్టుకొచ్చింది. పదేళ్లకి క్రిస్ రాక్ షోలో రైటరైంది, 1999లో ఆ రాతకి ఎమ్మీ టీవీ అవార్డు వచ్చింది. 2021లో వచ్చిన 'ది అప్‌షాస్' అనే టీవీ కామెడీకైతే సహసృష్టికర్త, నిర్మాత, నటి అన్నీ తనే.

వయసు సంగతి వదిలేయండి, నిద్ర సంగతి చూసుకోండి. ఓపెన్ మైక్‌లో మీ వంతు ఎప్పుడూ చివర్లోనే వస్తుంది, మర్నాడు పొద్దున్నే లేవాలి. వారానికి రెండు రాత్రులు చాలు. నోట్‌బుక్ మాత్రం రోజూ.

ప్రశ్న: నా ఐదు నిమిషాల సెట్ గట్టిగా నిలబడింది. ఎక్కడ చేసినా నవ్వుతారు. ఇప్పుడు ఒక టీవీ కార్యక్రమంలో చేయమంటున్నారు. చేస్తే ఆ సెట్ పోయినట్టేనా?

జవాబు: పోయినట్టే. చేయండి.

పాతరోజుల్లో అమెరికాలో ఊరూరా తిరిగే వాడెవిల్ (పాటలు, జోకులు, విన్యాసాలు కలిపిన స్టేజీ వినోదం) కళాకారులు ఒకే అంకాన్ని ఏళ్ల తరబడి ఆడుకునేవాళ్లు. ఈ ఊళ్లో చూసినవాళ్లు ఆ ఊళ్లో ఉండరు కాబట్టి. టీవీ వచ్చాక ఇరవైయేళ్ల సరుకు ఒక్క రాత్రిలో అయిపోయింది. ఇప్పుడు ఫోనులో క్లిప్పు వచ్చాక ఐదు నిమిషాలకి ముందే అయిపోతోంది. అమెరికన్ స్టాండప్ కామెడియన్ జార్జ్ కార్లిన్ ఒక టీవీ స్పెషల్ అవగానే ఆ సరుకు పక్కనపెట్టి మళ్లీ మొదట్నుంచి కొత్తది రాసుకునేవాడు. హెచ్‌బీఓ చానల్‌కి అలాంటివి పద్నాలుగు చేశాడు.

నా సంగతి వేరు, నాకు పారేయడం చేతకాదు. మా అమ్మ కళ్లజోడు మీద చేసిన ఒక బిట్‌ని, అంటే సెట్‌లో ఒక ముక్కని, నాలుగేళ్లు సాగదీశాను. ఒకరోజు ముందువరసలో కూర్చున్నాయన నా పంచ్ నాకంటే ముందు చెప్పేశాడు. ఆయన టైమింగ్ నాకంటే బాగుంది కూడా. ఆ రాత్రే దాన్ని సాగనంపాను.

ఒక్క జాగ్రత్త. టీవీకి వెళ్లేముందే తర్వాతి రెండు నిమిషాలైనా చేతిలో ఉండాలి. ఉత్తచేతులతో వెళ్తే, కార్యక్రమం చూసి మిమ్మల్ని పిలిచినవాళ్ల ముందు మళ్లీ అదే విప్పాల్సివస్తుంది.

ప్రశ్న: ప్రేక్షకుల ముందు తీసే ఒక సిట్‌కామ్‌కి (టీవీ హాస్య సీరియల్‌కి) వార్మప్ కామెడియన్‌గా రమ్మన్నారు. కెమెరాలో కనపడను, పేరు రాదు. నా స్థాయికి తగదని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు: ఫ్రెండ్స్‌కి మీ స్థాయి ముఖ్యం, అది సహజం. మీరు మాత్రం వెళ్లండి. నాకు టీవీ నేర్పింది ఈ పనే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. 1951లో 'ఐ లవ్ లూసీ' వాళ్లు ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, నాటకంలా ఆడుతూ మూడు ఫిల్మ్ కెమెరాలతో ఒకేసారి తీయడం ఒక పద్ధతిగా నిలబెట్టారు. ఆ తర్వాత చాలా సిట్‌కామ్‌లకి అదే దారి అయింది. ఎపిసోడు చూస్తే ఇరవైరెండు నిమిషాలు. తీయడానికి గంటలు పడుతుంది. బట్టలు మార్చాలి, లైటు జరపాలి, నటుడు మాట మర్చిపోతాడు, సీను మళ్లీ తీయాలి. ఆ సందులన్నిట్లో జనం ఉస్సూరుమనకుండా చూసుకోవడమే వార్మప్. అదే జోకు నాలుగోసారి వింటున్నా మొదటిసారి విన్నట్టు నవ్వే ఓపిక వాళ్లలో మిగిల్చాలి.

నేను రెండు సీజన్లు చేశాను. నా బిట్ జోరు మీదుండగా వెనకనుంచి "రెడీ" అని వినిపిస్తుంది. పంచ్‌కి ఒక్క సెకను ముందు నోరు మూసుకుని పక్కకి తప్పుకోవాలి. ఒక్కసారి కూడా పూర్తిచేయనివ్వని బిట్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అహం అణగడానికి ఇంతకంటే మంచి మందు నేను చూళ్లేదు.

అసలు లాభం వేరే ఉంది. ఒక జోకు పేలకపోతే రైటర్లంతా సెట్ పక్కన గుంపుగా చేరతారు. రెండు మూడు నిమిషాల్లో కొత్త మాట రాసి నటుడి చెవిలో వేస్తారు. కెమెరా తిరుగుతుంది. ఈసారి నవ్వు వస్తుంది, లేదా మళ్లీ గుంపు. మీరు జనంతో మాట్లాడుతూనే ఒక చెవి అటు పారేయండి. నేను జనానికి ఏవో కబుర్లు చెప్తూ, ఆ గుంపులో ఎవరు ఏం తీసేశారు, ఎవరు ఏం కలిపారు అని మనసులో లెక్క వేసుకునేదాన్ని. చాలాసార్లు వాళ్లు కొత్తగా పెట్టేదేమీ ఉండదు. జోకు ముందున్న వివరణ పీకేస్తారు, అంతే. లేకపోతే పంచ్‌లో ముఖ్యమైన మాటని వాక్యం చివరికి జరుపుతారు. తెలుగులో ఇది ఇంకా కష్టం, మనకి క్రియ వచ్చి చివర్లో కూర్చుంటుంది. నవ్వించే మాట ముందొచ్చి, 'అన్నాడు', 'చేశాడు' వెనక ఈడ్చుకుంటూ వస్తే నవ్వు దాని కిందపడి నలిగిపోతుంది. ఇది నాకు వార్మప్ చేస్తూ తెలిసింది. రెండో సీజన్ చివర ఒకరోజు ఆ గుంపులోకి తల దూర్చి, "ఆ 'అంటే' తీసేయండి" అన్నాను. కోప్పడతారనుకున్నాను. తీసేశారు. ఆ మరుసటి సీజన్‌కి నాకు రూమ్‌లో కుర్చీ వేశారు.

ప్రశ్న: జనం నవ్వకపోతే తప్పెవరిది? మా దగ్గర ప్రేక్షకులు మరీ మొద్దులు.

జవాబు: ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. తర్వాతి ప్రశ్న.

ప్రశ్న: ఏఐ జోకులు రాసేస్తోంది కదా, ఇక రైటర్ల పని అయిపోయినట్టేనా?

జవాబు: ఈ టెన్షన్ మీ ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో సినిమా, టీవీ రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ 2023లో 148 రోజులు సమ్మె చేసింది. వాళ్ల డిమాండ్లలో ఇదొకటి. చివరికి ఏఐ రాసినదానికి రైటర్ హోదా ఉండదనీ, రైటర్‌ని బలవంతంగా దాన్ని వాడమనకూడదనీ ఒప్పందంలో రాయించుకున్నారు. రూమ్‌లో కనీసం ఎంతమంది రైటర్లుండాలన్నదీ అందులోనే ఉంది. నన్నడిగితే ఆ చివరిదే పెద్ద గెలుపు. ఆరుగురు కూర్చున్న రూమ్‌లో ఆ నెమ్మదస్తుడికి చోటుంటుంది. ఇద్దరే ఉంటే గట్టిగా అరిచే నాలాంటివాళ్లే మిగులుతారు.

ప్రశ్న: టీవీ షోల టైటిల్స్‌లో నిర్మాతలని పదిమంది పేర్లు పడతాయి. అంతమంది డబ్బు పెడతారా? మీరు నిర్మాతగా చేసే పనేంటి మేడమ్?

జవాబు: డబ్బు నేను పెట్టలేదు, పెట్టే స్థితీ లేదు. అమెరికన్ టీవీలో ఆ పేర్లలో చాలావరకు రైటర్లవే. స్టాఫ్ రైటర్‌గా మొదలై, స్టోరీ ఎడిటర్, కో-ప్రొడ్యూసర్, ప్రొడ్యూసర్ అంటూ మెట్లెక్కి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ దాకా వెళ్తారు. పేరు మారినా చాలామంది ఆ బల్ల చుట్టూనే కూర్చుని రాస్తుంటారు. వాళ్లందరి పైన షోని నడిపే మనిషిని షోరన్నర్ అంటారు. రాత, నటుల ఎంపిక, ఎడిటింగ్, బడ్జెట్ అన్నిటికీ ఆ మనిషే జవాబుదారీ.

నేనేం చేస్తానంటారా? మొదటిరోజు మంచి జోకులు నాలుగు రాసుకుని వెళ్లాను. వెళ్లగానే అడిగిన మొదటి ప్రశ్న, "గుమ్మం సీనులో తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికా?" దాన్నిబట్టి గోడ కడతారు, గోడనిబట్టి కెమెరా ఉంటుంది. తర్వాత ప్రధాన నటికి గొంతు పోయింది, ఆవిడ సీన్లు ఎటు జరపాలి? ఆ తర్వాత కథలో వర్షం. అది నిజంగా కురవాలా, శబ్దం వినిపిస్తే చాలా? శబ్దం చాలన్నాను. నేను మిగిల్చిన మొదటి డబ్బు అదే. సాయంత్రానికి చూసుకుంటే నా నాలుగు జోకులూ జేబులోనే ఉన్నాయి.

కష్టమైనది ఎడిటింగ్ గది. మూడో ఎపిసోడ్‌లో నేనే రాసిన ఒక డైలాగుంది. షూటింగ్ రోజు యూనిట్ అంతా చప్పట్లు కొట్టారు. ఎడిటింగ్‌లో చూస్తే దాని దగ్గర కథ ఆగిపోతోంది. టీచరమ్మ బాధలో ఉందని మనం నమ్మాలి, ఈ జోకేమో ఆవిడ బాగానే ఉందని చెప్తోంది. ఎడిటర్ ఏమీ అనలేదు. అక్కడికి రాగానే రెండుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు, అంతే. పదకొండు సెకన్లు. తీసెయ్యమన్నాను. రైటర్‌గా ఉన్నప్పుడు నా మాట తీస్తే పోట్లాడేదాన్ని. ఇప్పుడు పోట్లాడదామంటే ఎదురుగా ఎవరూ లేరు.

ఈ విషయంలో నాకు అమెరికన్ నటుడు, రైటర్ కార్ల్ రైనర్ కథంటే ఇష్టం. టీవీ కామెడీ రైటర్ జీవితం మీద, అంటే దాదాపు తన జీవితం మీదే, ఒక షో రాసుకుని తనే హీరోగా పైలట్, అంటే నమూనా ఎపిసోడ్ తీశాడు. పేరు 'హెడ్ ఆఫ్ ది ఫ్యామిలీ'. ఎవరూ కొనలేదు. నిర్మాత షెల్డన్ లెనర్డ్ స్క్రిప్టులు చదివి, రాత బాగానే ఉంది, మార్చాల్సింది నటుణ్ని అని తేల్చాడు. ఆ నటుడు రైనరే! ఆయన ఒప్పుకున్నాడు. ఆ పాత్రలోకి డిక్ వాన్ డైక్ వచ్చాడు. 'ది డిక్ వాన్ డైక్ షో' 1961 నుంచి ఐదు సీజన్లు, 158 ఎపిసోడ్లు నడిచింది. రైనర్ రాస్తూ, నిర్మిస్తూ ఉండిపోయాడు. ఆ షోలో ఆయన వేసిన పాత్ర ఆ రైటర్ల నెత్తినెక్కే బాసుది, అదీ చాలాకాలం ముఖం కనపడకుండా. తన బతుకు కథలో తన పాత్రకి తను పనికిరాడని వినడం ఎలా ఉంటుందో ఊహించండి. నాకైతే రెండువారాలు మాట పడిపోయేది.

ప్రశ్న: ఫ్రెండ్ నా జోకు స్టేజీ మీద చెప్పేశాడు. ఏం చేయాలి?

జవాబు: ఆ రాత్రే పక్కకి పిలిచి, నలుగురి ముందు కాకుండా, సూటిగా అడగండి. సగంసార్లు వాడికి నిజంగానే గుర్తుండదు. రెండోసారీ చేస్తే వాడు ఫ్రెండ్ కాదు, మీకు ఒక కొత్త బిట్.

ప్రశ్న: ఇప్పుడు మీకు షో ఉంది, టీమ్ ఉంది. ఇంకా స్టేజీ ఎక్కుతారా? ఎక్కితే ఎందుకు?

జవాబు: నెలకి రెండుసార్లు, చిన్న ఓపెన్ మైక్‌లకి. స్టేజీ మీద ఒక మాట బాగుందో లేదో ఒక్క సెకనులో తెలుస్తుంది. రూమ్‌లో వారం పడుతుంది. ఇప్పుడు నేనున్న కుర్చీలో ఏడెనిమిది నెలలు పడుతుంది, అదీ నవ్వు చెవిన పడదు, ఎంతమంది చూశారన్న ఒక అంకె మెయిల్లో వస్తుంది. అంకెకి నవ్వడం రాదు. అందుకే వెళ్తాను. పేరు రాయించుకుని, వరసలో కూర్చుని, కుర్రాళ్ల సెట్లు విని, నా వంతు రాగానే అరచేతులు చెమట పట్టించుకుని.

పోయిన నెల ఎనిమిదోదాన్ని. మా అమ్మ కళ్లజోడు బిట్ ఇన్నేళ్లకి మళ్లీ కొత్తగా రాశాను. "కళ్లజోడు పోతే దాన్ని వెతకడానికి కళ్లజోడు కావాలి. కాబట్టి లెక్కప్రకారం అది పోలేదు, నేనే దానికి కనపడటం లేదు." రాసినప్పుడు తెగ మురిసిపోయాను. స్టేజీ మీద ఎవరో ఒకరు దగ్గారు. టైమ్ అయిందని ఎర్రలైటు వెలిగింది, దిగిపోయాను.

మా రూమ్‌లో ఈమధ్యే చేరిన అమ్మాయి వెనక వరసలో ఉందని నాకు తెలీదు. బయటికి రాగానే ఎదురొచ్చి, చెప్పాలా వద్దా అని కాసేపు నసిగి, "అక్కా, ఆ మాట మీరనరు. టీచరమ్మ అంటుంది" అంది.

మర్నాడు అది బోర్డెక్కింది. నాలుగో ఎపిసోడ్, రెండో సీను.